క్రిప్టో: డబ్బు పంపడానికి సరే, పేదవాడి పొదుపుకి వద్దు

మనవాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేల ప్రస్తావన వస్తోంది. సంపాదించినవాళ్ళు సంతోషంగా చెప్పుకుంటారు, అందులో తప్పేమీ లేదు. ఆ వెంటనే వచ్చే ఇంకో మాటే నన్ను కలవరపెడుతోంది: బ్యాంకు గడప తొక్కని పేదల్ని గట్టెక్కించేది ఇదేనట.

ఈ మాటలో కొంత నిజముంది. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో ఇప్పటికీ సుమారు 130 కోట్ల మంది పెద్దలకి ఏ ఖాతా లేదు. పరాయి దేశంలో కష్టపడి ఇంటికి 200 డాలర్లు పంపితే సగటున 12 డాలర్లకు పైగా దారిలోనే ఖర్చవుతోంది. 2030 నాటికి ఈ ఖర్చును 3 శాతం లోపుకి తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం, మనం దానికి చాలా దూరంలో ఉన్నాం. విలువని డాలరుతో ముడిపెట్టిన క్రిప్టో నాణెం, అంటే స్టేబుల్‌కాయిన్ అయితే ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి నిమిషాల్లో చేరుతుంది. వెనిజులా, అర్జెంటీనాల్లో సొంత కరెన్సీ విలువ కళ్ళముందే కరిగిపోతుంటే జనం వీటిలో డబ్బు దాచుకున్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. 2022 డిసెంబరులో ఐరాస శరణార్థుల సంస్థ కూడా యుద్ధంలో ఇళ్ళు వదిలిన ఉక్రెయిన్ ప్రజలకి స్టేబుల్‌కాయిన్‌లోనే సాయం పంపింది. వాళ్ళు దాన్ని డబ్బు బదిలీ సంస్థ మనీగ్రామ్ కేంద్రాల్లో నగదుగా మార్చుకునే ఏర్పాటు చేసింది. ఆ కేంద్రాలే లేకపోతే ఫోన్‌లో అంకె కనిపిస్తుందే తప్ప రొట్టె రాదు.

ఎల్ సాల్వడార్‌లో జరిగింది చూడండి. 2021 సెప్టెంబరులో ఆ దేశం బిట్‌కాయిన్‌ని చట్టబద్ధమైన కరెన్సీ చేసింది. ప్రభుత్వమే చీవో అనే యాప్ పెట్టి, చేరినవాళ్ళకి 30 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఇచ్చింది. విదేశాల నుంచి వచ్చే డబ్బు మీద ఎంతో ఆధారపడిన దేశం కాబట్టి క్రిప్టోకి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. అయినా చాలామంది ఆ 30 డాలర్లు వాడుకుని యాప్‌ని పక్కన పడేశారు. మరుసటి ఏడాది దేశంలోకి వచ్చిన సొమ్ములో క్రిప్టో ద్వారా చేరింది నూటికి రెండు వంతులు కూడా లేదు. 2025లో, అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు షరతుల వల్ల, బిట్‌కాయిన్ తీసుకోవాలన్న నిర్బంధాన్నే ఎత్తేశారు.

అక్కడి జనానికి తెలివి లేక కాదు. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా వెళ్ళిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేలకి పడింది. నెలాఖరుకి అద్దె కట్టాల్సిన మనిషి ఆ ఊగిసలాటలో తన జీతాన్ని ఎందుకు ఉంచుతాడు?

ఇక్కడ నాకు తరచూ వినిపించే జవాబు: 2024 డిసెంబరుకల్లా లక్ష డాలర్లు దాటింది కదా, ఓపిక పట్టినవాళ్ళు బాగుపడ్డారు కదా అని. నిజమే. కానీ ఓపిక పట్టాలంటే ఆ రెండేళ్ళు ఇల్లు గడవడానికి వేరే ఆదాయం ఉండాలి. మనలో చాలామందికి నెల జీతం ఉంది, బీమా ఉంది. ధర పడిపోతే నిద్ర చెడుతుందేమో గానీ పొయ్యి ఆరిపోదు. పేదింట్లో పిల్లకి జ్వరమొస్తే ఆ రోజు ఎంత ధర ఉంటే అంతకే అమ్ముకోవాలి. అందుకే అదే నాణెం, అదే ధర, ఒకరికి లాభమై మరొకరికి గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. 2015 నుంచి 2022 దాకా 95 దేశాల్లో బిట్‌కాయిన్ కొన్న చిన్న మదుపరుల్ని దేశాల కేంద్ర బ్యాంకుల ఉమ్మడి సంస్థ బీఐఎస్ పరిశీలిస్తే, సుమారు ముప్పావు వంతు మంది నష్టపోయి ఉంటారని తేలింది. ధర పెరిగి చిన్నవాళ్ళు ఎగబడి కొంటున్నప్పుడు పెద్దవాళ్ళు అమ్ముకుంటున్నారు. ఫిలిప్పీన్స్‌లో కోవిడ్ కాలంలో పనులు పోయినవాళ్ళు ఆడితే క్రిప్టో టోకెన్లు ఇచ్చే ఆక్సీ ఇన్ఫినిటీ అనే ఫోన్, కంప్యూటర్ ఆటని బతుకుతెరువు చేసుకున్నారు. 2021లో 30 సెంట్లు దాటిన ఆ ఆట టోకెన్ మరుసటి ఏడాది ఒక సెంటు లోపుకి దిగింది.

కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా ఫోన్ ద్వారా డబ్బు పంపుకునే, దాచుకునే సేవ. అందులో క్రిప్టో లేదు, దాని వెనకుండే బ్లాక్‌చైన్ సాంకేతికత కూడా లేదు. మామూలు ఫోన్, వీధి చివర నగదు చేతికిచ్చే ఏజెంటు, రాత్రికి రాత్రి విలువ సగం కాని ఆ దేశపు కరెన్సీ షిల్లింగు, అంతే. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం అది 1,94,000 కుటుంబాల్ని పేదరికం నుంచి బయటికి తెచ్చింది. ముఖ్యంగా ఆడవాళ్ళు పొలం పనుల నుంచి చిన్న వ్యాపారాల్లోకి మారగలిగారు. పేదల గురించి మాట్లాడేటప్పుడు మనం మొదట తలచుకోవాల్సింది దీన్నే.

కాబట్టి మన సంఘం ఎప్పుడైనా సాయాన్ని క్రిప్టోలో పంపాలనుకుంటే ముందుగా కొన్ని ప్రశ్నలు అడగాలని నా కోరిక. అందుకున్న మనిషి దాన్ని ఎక్కడ నగదు చేసుకుంటారు? ఆ మార్పిడి ఖర్చు ఎవరు భరిస్తారు? ఫోన్ పోయినా, రహస్య పదాలు మరచిపోయినా డబ్బు తిరిగొచ్చే దారి ఉందా? వీటికి జవాబులుంటే స్టేబుల్‌కాయిన్‌లో పంపుదాం, నాకు అభ్యంతరం లేదు. మనకంటే తక్కువ ఉన్నవాళ్ళు మన మీద నమ్మకంతో "కొనమంటారా?" అని అడిగితే మాత్రం, మనం లాభపడి ఉన్నా సరే, వద్దనే చెబుదాం.