మేకలే దగ్గుతున్నాయా, గొర్రెలు కూడానా?

మందలో నాలుగు మేకలు దగ్గుతున్నాయని కాపరి ఫోన్ చేస్తే, అవతలి నుంచి సాధారణంగా వచ్చే మొదటి ప్రశ్న ఏ సూది వేశావని. ముందుగా అడగవలసింది మాత్రం వేరు: మేకలే దగ్గుతున్నాయా, వాటితో కలిసి మేసే గొర్రెలు కూడానా? తెలంగాణలో గొల్ల కురుమల మందల్లో ఎక్కువ భాగం గొర్రెలే అయినా, వాటి మధ్య కొన్ని మేకలు ఉండడం మామూలే కనుక, ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవాడు రోజంతా మంద వెంట నడిచే మనిషే.

రెండింటినీ పడగొట్టేది వైరస్ వల్ల వచ్చే పారుడు రోగం, అంటే పి.పి.ఆర్. అందులో దగ్గుతో పాటు కళ్ల పుసులు, నోటి పుళ్లు, పారుడు కనిపిస్తాయి. గొర్రెలు నిక్షేపంగా మేస్తూ, మేకలు మాత్రమే తీవ్రమైన జ్వరంతో మెడ చాచి, డొక్కలెగరేస్తూ పడిపోతుంటే సి.సి.పి.పి. అనే అంటు ఊపిరితిత్తుల వ్యాధిని అనుమానించాలి. దీనికి కారణమైన మైకోప్లాస్మా అనే సూక్ష్మక్రిమిని 1976లో కెన్యాలో తొలిసారిగా వేరు చేశారు. కొత్తగా సోకిన మందలో దాదాపు అన్ని మేకలూ జబ్బుపడి, వాటిలో 60 నుంచి 80 శాతం వరకు చనిపోవచ్చు.

చచ్చిన మేకను కోసి చూస్తే కథ ఇంకొంత తెలుస్తుంది. ఛాతీలో ఎండుగడ్డి రంగు నీరు నిలిచి ఉంటుంది. తరచుగా ఒకవైపు ఊపిరితిత్తి మాత్రమే కాలేయంలా గట్టిపడి పక్కటెముకలకు అతుక్కుపోయి ఉంటుంది, రెండోది బాగానే ఉంటుంది. అయితే అడవి అంచున, ఎండలో, చచ్చిన జీవం గంటల్లోనే ఉబ్బిపోతుంది. కబురు అంది డాక్టరు చేరేసరికి మంద మరో ఊరి పొలానికి ఎరువు కోసం తరలిపోయి ఉంటుంది. ఆసుపత్రి రిజిస్టరు ఊరిని బట్టి నడుస్తుంది, రోగం మాత్రం మంద నడిచే బాటను బట్టి నడుస్తుంది. మన దర్యాప్తులు తేలకపోవడానికి ప్రయోగశాలల కొరత కంటే ఈ తేడాయే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ప్రయోగశాల కష్టాలు లేవని కాదు. ఈ క్రిమి కల్చర్‌లో, అంటే ప్రయోగశాలలో పెంచినప్పుడు, చాలా మందకొడిగా పెరుగుతుంది. నమూనా మంచులో రాకపోయినా, అప్పటికే టెట్రాసైక్లిన్ సూది పడినా అసలు పెరగకపోవచ్చు. (పెన్సిలిన్ వేసి లాభం లేదు, ఈ క్రిమికి కణకవచమే లేదు.) సూది వేసిన కాపరిని తప్పుపట్టడం మాత్రం అన్యాయం. కళ్ల ముందు మేక ఆయాసపడుతుంటే పి.సి.ఆర్. పరీక్ష ఫలితం కోసం ఎవరు ఆగుతారు? ఎప్పుడు ఏ మందు వేశాడో చెబితే చాలు, అది కూడా దర్యాప్తులో భాగమే.

కాపరి మాటను సాక్ష్యంగా తీసుకునే పద్ధతి ఉండనే ఉంది. 2011లో ప్రపంచం నుంచి పశువుల ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) తొలగిపోయిందని ప్రకటించడానికి ముందు, తూర్పు ఆఫ్రికాలో పశుపాలకుల మధ్యకు వెళ్లిన పశువైద్యులు వాళ్ల మాటల ఆధారంగానే రోగం మిగిలి ఉన్న చోట్లను వెతికారు. ఇలాంటి పనిలో వాడే ఒక చిన్న సాధనం వంద గింజలు. నిరుడు ఏ రోగానికి ఎన్ని పోయాయో కుప్పలు పోయమంటే, చదువు రాని కాపరి కూడా లెక్క తేల్చి చూపుతాడు. చిటుకు రోగం (గొర్రెలు ఉన్నట్టుండి చచ్చిపోయే జబ్బు) కుప్పనూ దగ్గు కుప్పనూ పక్కపక్కన చూసిన తరువాతే నమూనా ఎవరి మందలో తీయాలో నిర్ణయించుకోవాలి.

రాష్ట్రం దాటి వచ్చే జీవాల సంగతి మరీ ముఖ్యం. 1881లో దక్షిణాఫ్రికాకు సి.సి.పి.పి. టర్కీ నుంచి తెచ్చిన అంగోరా మేకలతోనే చేరింది. సోకిన మందలను వధించి అక్కడ దాన్ని వదిలించుకున్నారు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పొరుగు రాష్ట్రాల నుంచే భారీగా కొనుక్కొచ్చాం. కొత్త జీవాలను కొన్ని వారాలు విడిగా ఉంచడం అనే మాట కాగితం మీద సులువు. దొడ్డి ఒక్కటే ఉన్న ఇంట్లో వాటిని ఎక్కడ కట్టేస్తారు?

ఈ జబ్బు జాడ పట్టడానికి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. జియాగూడ కబేళాలో మేకల ఊపిరితిత్తులు రోజూ బయటికి వస్తాయి. ఒకవైపే గట్టిపడి అతుక్కున్నవి కనిపించినప్పుడు చిన్న ముక్క తీసి పంపడం పెద్ద ఖర్చేమీ కాదు. కాకపోతే ఆ మేక ఏ సంతలో, ఎవరి మంద నుంచి కొన్నదో అదే పూట రాసుకోవాలి. మాంసం దుకాణానికి బండి బయలుదేరాక ఆ వివరం ఎవరి దగ్గరా దొరకదు.