ఒలింథస్‌కు ఒక్క వాక్యమేనా?
ఉత్తర గ్రీసులోని ఖల్కిదికీ పట్టణాల మీద వ్యాసం బాగుంది. కానీ అరిస్టాటిల్ పుట్టిన ఊరని స్తగీరాను అంతసేపు వర్ణించి, ఒలింథస్‌ను ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు నచ్చలేదు. క్రీ.పూ. 348లో మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ ఆ ఊరిని నేలమట్టం చేసి, జనాన్ని బానిసలుగా అమ్మేశాడు. తర్వాత దాని మీద మరో నగరం లేవలేదు కాబట్టే 1928లో తవ్వకాలు మొదలుపెడితే ఇళ్లకు ఇళ్లే బయటపడ్డాయి. గీత గీసినట్టు తిన్నని వీధులు, నడిమి వాకిలి చుట్టూ గదులు, మగవాళ్ల విందు గదిలో గులకరాళ్లు పొదిగిన నేల, స్నానానికి మట్టి తొట్టె! ఇక వడిసెలతో విసిరిన సీసపు గుండ్లయితే బాదంగింజ ఆకారంలో ఉంటాయి. కొన్నిటి మీద ఫిలిప్ పేరు అచ్చుపోసి ఉంది. చంపడానికి విసిరేదాని మీద కూడా పేరు వేయించుకున్నాడు మహానుభావుడు! ఆ గుండు ఫొటో ఒక్కటైనా వేసి ఉండవలసింది.