అరికాలి అర్జీ పరిష్కరించడమైనది

వంశధార మీది గొట్టా బ్యారేజీ దగ్గర ఎడమ కాలువకు నీళ్ళు వదిలారని వింటే పలాస వైపు శివారు రైతు సంబరపడడు. చివరి మడికి చేరేది ఎంతో అతనికి తెలుసు. మన ఒంట్లో శివారు ఆయకట్టు పాదం. నడుము దగ్గర బయల్దేరిన నరం బొటనవేలికి చేరాలంటే దాదాపు ఒక మీటరు పోవాలి. ఏళ్ళ తరబడి చక్కెర అదుపు తప్పితే ముందు ఎండేది ఈ పొడవాటి నరాల కొసలే. అందుకే అరికాలి మంట వేళ్ళ చివర్లలో మొదలై, రెండు కాళ్ళకూ మేజోళ్ళు తొడిగినట్టు పైకి పాకుతుంది.

శివారు రైతుకు సోమవారం గ్రీవెన్స్ ఉంది. పాదం మాత్రం పగలంతా ఊరుకుని, మంచమెక్కాక అర్జీ పెడుతుంది. కారం రాసినట్టుంది, సూదులు పొడుస్తన్నాయి, చీమలు పాకుతన్నాయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. ఇంత వివరమైన అర్జీ మీద ఇంటి యంత్రాంగం ఒకే ముక్క రాస్తుంది: "ఏటీ నేదులే, వేడి చేసింది. మజ్జిగ తాగి తొంగో." వేడి శాఖకు వెళ్ళిన ఫైలు మరి తిరిగి రాదు. అర్జీదారు బక్కెట్టు చన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుంటాడు. వేళ్ళ సందులు నాని, ఒరిసి, మర్నాటికి రెండో అర్జీ తయారు.

మజ్జిగతో తెమలకపోతే కేసు ఊళ్ళో ఆర్ఎంపీ గారికి బదిలీ. ఆయనది సమన్యాయం: పంటికైనా మోకాలికైనా అరికాలికైనా డైక్లోఫెనాక్ ఒకటే. అది వాపు మీద పనిచేసే బిళ్ళ. ఇక్కడ వాపు లేదు, దెబ్బతిన్న నరమే ఉత్తుత్తి కబుర్లు పంపుతోంది. బిళ్ళ దారి బిళ్ళది, మంట దారి మంటది, మధ్యలో నష్టపోయేది మూత్రపిండం. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలోని కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు జనానికి కిడ్నీ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా నొప్పి బిళ్ళ అడిగినవాణ్ణి "నీ క్రియాటినిన్ ఎంత?" అని కిడ్నీ పరీక్ష సంగతి అడిగే కొట్టు ఉద్దానంలో ఇంకా వెలవలేదు.

నరం మంటకు మందులు వేరే ఉన్నాయి: అమిట్రిప్టిలిన్, ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్. డాక్టరు తక్కువ మోతాదుతో మొదలెడతారు. అమిట్రిప్టిలిన్ అయితే సాధారణంగా రాత్రిపూట 10 మిల్లీగ్రాములు. ఫలితం తేలడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మనవాళ్ళు మూడో రోజున తీర్పు చెప్పి చీటీ చించేస్తారు. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ కిడ్నీ దారిన బయటికి పోతాయి కనుక కిడ్నీ నీరసించినవారికి మోతాదు తగ్గించాలి, లేకపోతే మగత, తూలుడు. ప్రోస్టేటు ఇబ్బంది, గుండె లయ తేడా ఉన్నవారికి అమిట్రిప్టిలిన్ సరిపడకపోవచ్చు. ఏదీ ఒక్కసారిగా మానకూడదు. పైగా ఇవి మంటను తగ్గిస్తాయంతే. కాలువకు గండి పూడ్చేది చక్కెర అదుపు.

బలం సూది సంగతి. ఎర్రగా ఉంటుంది కనుక ఒంట్లో రక్తం పోసినంత గౌరవం. అందులో ఉన్నది బీ12 విటమిన్. మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా మింగేవారికీ, మాంసం, పాలు ముట్టనివారికీ అది తగ్గిపోయి కాళ్ళు తిమ్మిరెక్కొచ్చు. రక్తపరీక్షలో అది మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపుంటే ఆ సూది అవసరమే. లోటు లేనప్పుడు మాత్రం రంగు ఒక్కటే లాభం. కలిపి మింగే బిళ్ళల్లో బీ6 నెలల తరబడి అతిగా పోతే అదే నరాన్ని చెడగొడుతుంది.

అరికాల్లో లేచిన ప్రతి బాధా నరానిది కాదు. పొద్దున్న లేచి మొదటి అడుగుకు మడమలో పొడిచి, నాలుగడుగులకు సర్దుకుంటే అది మడమ కింది నారపట్టీది. ఒక్క కాలికే నడుము నుంచి తీగలా దిగితే వెన్ను చూపించాలి. మూడో, నాలుగో వేళ్ళ మధ్య గులకరాయి ఉన్నట్టుంటే బిగుతు బూటు విప్పి చూడండి. లోపలి చీలమండ వెనక తట్టగానే అరికాల్లోకి జివ్వుమంటే నరం అక్కడ నలుగుతోంది. స్పర్శ లేని మచ్చ కూడా ఉంటే కుష్ఠు పరీక్ష చేయించాలి. మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు. తిమ్మిరితో పాటు తొడల మధ్య మొద్దుబారి మూత్రం ఆగినా, రోజుల్లోనే కాళ్ళు పట్టు తప్పి ఆ నీరసం పైకి పాకినా ఆ పూటే ఆసుపత్రి. మజ్జిగకు టైము లేదు.

ఇక ఘనవిజయం. ఒకరోజు మంట ఆగిపోతుంది. "తగ్గిపోనాది!" అని ఇల్లంతా సంబరం. అర్జీదారు చనిపోతే అర్జీ పరిష్కారమైనట్టు లెక్క రాసే పద్ధతి మనకు అలవాటే. నిజంగా తగ్గిందో, నరం మూగబోయిందో తేల్చడానికి ఖర్చు సున్నా. కళ్ళు మూయించి, రెండు కాళ్ళకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకాలి. నొక్కకూడదు, తట్టకూడదు, "తెలిసిందా?" అని జవాబు అందించకూడదు. ఆరింటిలో రెండు తెలియకపోతే పాదానికి స్పర్శ తగ్గినట్టే.

అలా మూగబోయిన పాదంతోనే మనం సాహసాలు చేస్తాం. ఎండాకాలం ఆదివారం మిట్టమధ్యాహ్నం అరసవల్లిలో బండ మీద చెప్పుల్లేకుండా నిలబడతాం. ఆరోగ్యం ఇచ్చే దేవుడి ముంగిటే బొబ్బలు మోసుకొస్తాం. పగుళ్ళకు జీడిపిక్క కాల్చి చమురు పెడతాం. పచ్చి చర్మాన్నే కాల్చే చమురది, కాలిన సంగతి కాలికి తెలీదు. వేడినీళ్ళ సంచి కాపడం సరేసరి. చెయ్యాల్సినవి బొత్తిగా చప్పటివి: నీళ్ళ వేడి మోచేత్తో చూడ్డం, వేళ్ళ సందులు తడి లేకుండా తుడవడం, కొబ్బరినూనె సందుల్లో కాకుండా పైన రాయడం, గోళ్ళు తిన్నగా కత్తిరించడం, రాత్రి అద్దం నేలమీద పెట్టి అరికాలు చూసుకోవడం. పుండు కనిపించినా, నొప్పి లేకుండా పాదం ఎర్రగా, వేడిగా వాచినా బెణుకని పట్టు వెయ్యకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి. చెప్పులు సాయంత్రం కొనాలి, కాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. వేళ్ళ మధ్య పట్టీ ఉన్న హవాయి వద్దు. మెత్తటి ఎంసీఆర్ రబ్బరు అట్ట, మడమ వెనక పట్టీ ఉన్నవి మేలు.

హవాయి చెప్పు దారిలో జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇల్లు చేరే పెద్దాయన మన వీధుల్లో కొత్త కాదు. ఇంటిల్లిపాదీ టార్చిలైట్లతో బయల్దేరి, కాలువ గట్టు దాకా వెతికి, చెప్పు దొరికాక నిశ్చింతగా తిరిగొస్తారు.