హత్యకు ముందు ఫారం నింపవలెను

1930ల నుంచి హాలీవుడ్‌లో హేస్ కోడ్ అని ఓ నిబంధనావళి నడిచింది. నేరం చేసే పద్ధతిని తెర మీద విడమరిచి చూపకూడదు, జనం నేర్చేసుకుంటారన్నది అందులో ఒక నియమం. జేమ్స్ ఎం. కెయిన్ రాసిన 'డబుల్ ఇండెమ్నిటీ' కథను సినిమా తీస్తామని 1935లో అడిగితే సెన్సారు పెద్దలు ససేమిరా అన్నారు. బిల్లీ వైల్డర్ దాన్ని తీసి విడుదల చేసేసరికి 1944 వచ్చింది. ఇలాంటి చీకటి సినిమాలకే తర్వాత ఫ్రెంచివాళ్లు 'ఫిల్మ్ నువార్' అని పేరు పెట్టారు.

పెద్దల భయాన్ని మన్నించి, నేను దీన్ని హత్యలకు గైడుగానే చూశాను. చాలా నాసిరకం గైడు.

వాల్టర్ నెఫ్ అనే బీమా ఏజెంటు కారు పాలసీ రెన్యువల్ కోసం ఒకరింటికి వెళ్తాడు. ఇంటాయన లేడు. ఇంటావిడ మెట్లు దిగుతుంది, కాలికి పట్టీ. కెమెరా దాన్నే చూస్తుంది, ఏజెంటూ దాన్నే చూస్తాడు. పాలసీ గడువు గాలికి పోయింది. కొన్నాళ్లకి కారు కాగితాలని నమ్మించి మొగుడి చేత యాక్సిడెంట్ పాలసీ మీద సంతకం పెట్టిస్తారు. చదవకుండా పెట్టేశాడని ఆయన్ని వేలెత్తి చూపే అర్హత మనలో ఎవరికీ లేదు. రైలు ప్రమాదంలో పోతే 50 వేల డాలర్లు కాస్తా లక్ష. డబుల్ ఇండెమ్నిటీ అంటే ఇదే. మన దగ్గర ఏజెంట్లు పాలసీ అంటగట్టేటప్పుడు వల్లించే డబుల్ యాక్సిడెంట్ బెనిఫిట్, అదే బాపతు.

ఇక అక్కణ్ణుంచి అంతా చాకిరీయే. సూపర్ మార్కెట్లో పసిపిల్లల ఆహారం డబ్బాల మధ్య నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కుట్ర పన్నాలి. మొగుణ్ణి చంపి, రైల్లోంచి పడి పోయాడని నమ్మించడానికి శవాన్ని పట్టాల మీద పడేసి వచ్చాక కారు స్టార్ట్ అవదు.

ఇంత టెన్షన్ పడ్డాక పట్టుకున్నది పోలీసులా? కాదు, క్లెయిముల మేనేజరు బార్టన్ కీస్. కంపెనీ పెద్దాయన ఇది ఆత్మహత్య అని డబ్బు ఎగ్గొట్టబోతే, కీస్ ఆయన్ని ఉతికి ఆరేస్తాడు. ఆత్మహత్యల లెక్కలు సంపుటాలకు సంపుటాలున్నాయి, ఏ విషంతో ఎందరో కూడా. గంటకు 15 మైళ్ల వేగంతో పోయే రైలు వెనక నుంచి దూకి చచ్చినవాడు వాటిలో ఒక్కడూ లేడు! ఆ తర్వాత అసలు పాయింటు పట్టాడు. పోయినాయనకి అంతకుముందే కాలు విరిగింది. యాక్సిడెంట్ పాలసీ ఉన్నవాడు కాలు విరిగితే క్లెయిము పెట్టడా? పెట్టలేదంటే, పాలసీ ఉన్న సంగతే ఆయనకు తెలీదు. నింపని ఫారం ఒకటి హంతకుల కొంప ముంచింది.

నెఫ్ మాత్రం తక్కువ తిన్నాడా? ఒంట్లో బుల్లెట్ పెట్టుకుని పారిపోవాల్సినవాడు, రాత్రికి రాత్రి ఆఫీసుకొచ్చి, మాటల్ని రికార్డు చేసే డిక్టాఫోన్ ముందు కూర్చుంటాడు. తేదీ వేసి మరీ, కీస్ గారికి ఆఫీస్ మెమో రూపంలో నేరం ఒప్పుకుంటాడు.

ఈ స్క్రిప్టు వైల్డర్‌తో కలిసి రాసింది రేమండ్ చాండ్లర్. ఆయన నవల 'ది బిగ్ స్లీప్'ను సినిమా తీస్తున్నప్పుడు, ఇంతకీ కథలో డ్రైవర్ని చంపిందెవరని సినిమావాళ్లు టెలిగ్రాం ఇస్తే, తనకూ తెలియదన్నాడట. కీస్ టేబుల్ మీద ఆ ఫైలు పాసయ్యేదా?

'డబుల్ ఇండెమ్నిటీ'కి ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్క అవార్డూ రాలేదు. కీస్‌గా చేసిన ఎడ్వర్డ్ జి. రాబిన్సన్‌కైతే ఆ ఏడింటిలో చోటే లేదు, ఆ తర్వాతా జీవితంలో ఒక్క నామినేషనూ లేదు. చివరికి 1973లో గౌరవ ఆస్కార్ మంజూరు చేశారు. అది చేతికిచ్చే నాటికి ఆయన పోయి రెండు నెలలు. నామినీ హోదాలో భార్య వచ్చి తీసుకెళ్లారు.