రాబందులను టవర్లు చంపలేదు బావా

ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట పదో తరగతి గ్రూపులో వచ్చింది, తర్వాత కాలనీ గ్రూపులో, ఆ తర్వాత చిన్నమ్మ కొడుకు పంపాడు, నిన్న రాత్రి మా బావ. "జంతువులు అంతరించిపోతున్నాయన్నది విదేశీ నాటకం, చదివి పది మందికి పంపండి" అని మొదలవుతుంది. ఐదు పాయింట్లు, కింద మూడు దండాలు. మొదటి మూడుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. బావ సంగతి వేరు. ఆయన పరకాల దగ్గర పల్లెలో ఆరు బర్రెలు పెట్టుకుని పాలు పోస్తాడు. ఆయన ఫోన్లోకి ఈ మెసేజ్ వెళ్లిందంటే అది ఉత్త టైంపాస్ కాదు.

మొదటి పాయింట్: రాక్షసబల్లులు పోయినప్పుడు మనిషే లేడు కాబట్టి అంతరించడం ప్రకృతి ధర్మమట. పుట్టినవాడు గిట్టక తప్పదు కాబట్టి హత్య కేసులన్నీ కొట్టేద్దామా? మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. దాని నెత్తిన ఏ ఉల్కా పడలేదు. వేటగాళ్ల తుపాకులే సరిపోయాయి.

నాలుగోది: అమెరికాలో పదివేల ఏళ్ల కిందట పోయిన తోడేలును మళ్లీ పుట్టించారు, ఇక బెంగెందుకు అని. 2025 ఏప్రిల్‌లో, పుట్టించామన్న కంపెనీ చూపించింది మామూలు బూడిదరంగు తోడేలే, జన్యువుల్లో ఇరవై మార్పులు చేసి. ఖిలా వరంగల్‌లో కిరీటం పెట్టుకుని ఫొటో దిగినవాడు ప్రతాపరుద్రుడైతే, ఇదీ ఆ పాత తోడేలే.

రెండో పాయింట్ దగ్గర మాత్రం కాస్త ఆగాను. "కోతులు, అడవిపందులు ఊళ్ల మీద పడుతుంటే అంతరించేది ఎక్కడ?" అంటుంది ఆ మెసేజ్. కోపం సగం నిజం. ములుగు, భూపాలపల్లి వైపు మక్క చేను వేసినవాళ్లు మంచె మీద పడుకుని డబ్బాలు మోగిస్తూ తెల్లవార్లూ కాపలా కాస్తారు. కోతుల భయానికి కూరగాయలు వేయడమే మానుకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. కాగజ్‌నగర్ వైపు పులి దాడుల్లో మనుషుల ప్రాణాలే పోయాయి. హనుమకొండలో ఫ్యాను కింద కూర్చుని వాళ్లకు అడవి గొప్పతనం చెప్పే మొహం నాకు లేదు. కానీ మన చెత్తకుప్పల మీద, మన చేల మీద బతకడం నేర్చిన రెండు జంతువులు పెరిగాయని మిగతావన్నీ క్షేమమంటే ఎట్లా? పైగా పందికని పెట్టిన కరెంటు తీగ పంది అని, పులి అని, పక్క చేను రైతు అని చూడదు.

ఇక మూడోది, దానికి తోకగా ఐదోది. నన్ను కూర్చోబెట్టి రాయించింది ఇదే. "రాబందులు పోయింది సెల్ టవర్ల రేడియేషన్ వల్ల. నింద మాత్రం మనుషులు కూడా వాడే నొప్పి మందు డైక్లోఫెనాక్ మీద వేశారు. ఖరీదైన మందు అమ్ముకోవడానికి విదేశీ కంపెనీలు దాన్ని బంద్ పెట్టించాయి. మీ పశువులకు ఆ ఇంజెక్షన్ ధైర్యంగా వేయించండి." ఆ చివరి వాక్యం మళ్లీ చదవండి.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, మా ఊరి చెరువు వెనక చచ్చిన గొడ్లను పడేసే చోట ముప్పై నలభై రాబందులు వాలేవి. తోలు ఒలిచిన ఎద్దులోకి మెడ దాకా తల దూర్చి, నెత్తురు కారుతుండగా బయటికి తీసేవి. పూట గడవకముందే ఎముకలు తేలేవి. నేను ఇంటర్‌కు హనుమకొండ వచ్చేసరికి అక్కడ కుక్కలే మిగిలాయి. ఊళ్లో మొదటి టవర్ లేచింది ఆ తర్వాత ఆరేళ్లకు. అంటే పాపం, రాబోయే టవర్‌ను తలచుకుని టెన్షన్‌తో చచ్చాయన్నమాట.

పోనీ, రాబందును చంపిన టవర్ గద్దను ఎందుకు వదిలేసింది? మా వీధి చివరి టవర్ మీద, సరిగ్గా ఆ డబ్బాల సందులోనే, ఏటా గద్ద గూడు పెడుతుంది. పుల్లల మధ్య వైరు ముక్కలు, ఎర్రగుడ్డ పేలిక వేలాడుతూ కనిపిస్తాయి. పిల్లలు శుభ్రంగా ఎగిరిపోతున్నాయి.

పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసిన పరిశోధకులు 2004లో కారణం బయటపెట్టారు. మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుంది. అట్లా చచ్చిన పిట్టల మూత్రపిండాల్లో డైక్లోఫెనాక్ దొరికింది. మందు వేసిన పశువుల మాంసం వేరే రాబందులకు పెట్టి చూస్తే అవీ అదే తీరుగా చచ్చాయి. ఒక్క గొడ్డు మీద డజన్లకొద్దీ వాలే పక్షి అది. వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో మందున్నా చాలు. ఆడది ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు. 1992 నుంచి 2007 లోపు తెల్లవీపు రాబందులు మన దేశంలో వెయ్యికి ఒకటి మిగిలాయి.

విదేశీ కుట్ర మాటకొస్తే, డైక్లోఫెనాక్‌ను తయారుచేసిందే స్విట్జర్లాండ్ కంపెనీ, 1973లో. దాని బదులు వాడమన్న, రాబందులను చంపని నొప్పి మందు మెలాక్సికామ్‌ను మన కంపెనీలే చేస్తున్నాయి, పేటెంటు గొడవ లేదు. కుట్ర చేసేవాళ్లు కాస్త తెలివిగా చేస్తారు.

పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లోనే నిషేధించారు. మనుషుల పేరుతో వచ్చే పెద్ద సీసాలు కొట్టాల్లోకి చేరుతూనే ఉన్నాయని, 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. అదే తీరుగా చంపే ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌ల మీద 2023లో నిషేధం వచ్చింది. మన ఉత్తర తెలంగాణలో, బెజ్జూరు అడవుల్లో పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో కనిపించినప్పుడు నేను ఎగిరి గంతేశాను. ఆ మెసేజ్ ఆ చుట్టుపక్కల పాడి రైతుల ఫోన్లలో కూడా తిరుగుతూ ఉంటుంది.

ఇవాళ పొద్దున ఊరికెళ్లాను. బావ కొట్టంలో గోడ గూట్లో పసుపు డబ్బా పక్కన మనుషుల ఇంజెక్షన్ చిన్న సీసాలు, రబ్బరు బ్యాండు వేసి, పది. వాదనకు దిగాను. ఆయన తాపీగా విన్నాడు.

"గవన్నీ సరే బామ్మర్దీ. రాత్రి రెండింటికి బర్రె పొదుగు వాచి అరుస్తాంటే డాక్టర్ రాడు. ఊళ్లె ఆర్ఎంపీ కాడ దొరికేది గిదే. అప్పుడు రాబందును యాది చేసుకొని కూసోవాల్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నేనైనా ఆ సీసానే ఎత్తేవాణ్ణి. సాయంత్రం పరకాల పోయి మూడు షాపులు తిరిగితే, పశువుల మెలాక్సికామ్ మూడో దాంట్లో దొరికింది. రెండు సీసాలు తెచ్చి గూట్లో పెట్టాను. పాత సీసాల్లో తొమ్మిది నా సంచిలో ఉన్నాయి. పదోది బావ ఇవ్వలేదు.