రిజిస్ట్రేషన్‌తోనే 'నేను వ్యాపారవేత్తను' అన్న గుర్తింపు రాదు

'కంపెనీ రిజిస్టర్ చేసిన రోజే మనిషి వ్యాపారవేత్త అవుతాడు' అని ఒక వ్యాసకర్త రాసిన మాట ఒప్పుకోలేను. ఉద్యోగం మానేసినవాళ్లు చాలాకాలం పాత హోదాతోనే తమను పరిచయం చేసుకుంటారు.

కొత్త హోదాలోకి మనిషి ఎలా మారతాడన్న దానిపై పరిశోధకురాలు హెర్మినియా ఇబర్రా 1999 నాటి పరిశోధన కన్సల్టెంట్లు, బ్యాంకర్ల మీద చేసిందే అయినా ఇక్కడా పనికొస్తుంది. మనిషి ముందు ఇతరులను గమనిస్తాడు, వాళ్ల తీరును తాత్కాలికంగా తొడుక్కుని చూస్తాడు, తర్వాత నప్పిందా లేదా అని తేల్చుకుంటాడు. కొత్తవాళ్లు ఇరుక్కునేది రెండో మెట్టు దగ్గరే. ఎవరో పేరున్న వ్యవస్థాపకుడి మాటతీరు అరువు తెచ్చుకుని అదే తామనుకుంటారు. మీ పరిచయ వాక్యాన్ని కొనేవాడి దగ్గర, పెట్టుబడిదారు దగ్గర, పాత సహోద్యోగి దగ్గర చెప్పి చూడండి. ఎక్కడ నోరు తడబడుతుందో అక్కడే అరువు సరుకు ఉంటుంది.

2011లో ఫోషార్, గ్రూబర్ అనే పరిశోధకులు వ్యవస్థాపకుల్లో మూడు రకాలను చూపారు: లాభం, పోటీ ముఖ్యమనేవాళ్లు, తమలాంటి వాడుకదారుల కోసం చేసేవాళ్లు, సమాజంలో మార్పు కోసం దిగినవాళ్లు. కలగలుపు మనుషులూ ఉంటారు. చిక్కు వాళ్లకే కాదు. ఇద్దరు భాగస్వాములు వేర్వేరు రకాలైతే ధర, ముడిసరుకు, ఎవరికి అమ్మాలి అన్న ప్రతి చోటా గొడవే. పైకి లెక్కల తగాదాలా కనిపిస్తుంది, లోపల మాత్రం 'మనం ఎవరం' అన్న తగాదా. అందుకే వాటాలు రాసుకునే ముందే ఎవరికి వారు విడిగా కూర్చుని, ఎందుకు మొదలుపెట్టాం, ఎవరితో పోల్చుకుంటాం, ఎవరి మెప్పు కావాలి అన్నవి రాసి, ఆ కాగితాలు మార్చుకోవాలి.

ఇక సంస్థే నేను అనుకుంటే, సరుకు మీద ఫిర్యాదు కూడా తిట్టులా వినిపిస్తుంది. ఆ భావన మార్చాల్సిన సరుకును మార్చనివ్వదు.