లారీ ఆగిన గంటకు లెక్కేది?

సరుకు రవాణా ఖర్చు దిగివచ్చిందని ఢిల్లీ చెబుతోంది. జీడీపీలో 13, 14 శాతం అని ఏళ్ల తరబడి అందరూ వల్లించిన అంకె, ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ లెక్కల తర్వాత 8 శాతం దగ్గర ఆగింది. ఖర్చే తగ్గిందో, కొలత మారిందో ఆర్థికవేత్తలు తేల్చుకుంటారు. చెన్నై పోర్టు జీరో గేటు నుంచి ఎన్నూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద వరస కట్టే ట్రైలర్లకు మాత్రం ఆ అంకెతో ఒరిగేదేమీ లేదు. మన దగ్గర బండి నడిచినందుకు అయ్యే ఖర్చు అందరికీ తెలుసు. ఆగినందుకు అయ్యే ఖర్చు ఎవరి పుస్తకంలోనూ ఉండదు. నలభై ఏళ్ల సంస్కరణలు చేసిందేమిటంటే, ఆ ఆగే చోటును ఒక గేటు నుంచి ఇంకో గేటుకు మార్చడం.

చరిత్ర తెలిసిందే. ఒకప్పుడు సరుకంతా రైలుదే. 1983లో మద్రాసు పోర్టులో కంటైనర్ టెర్మినల్ వచ్చింది, 1988లో కంటైనర్లను రైలు మీద చేరవేసే ప్రభుత్వ సంస్థ కాంకర్ పుట్టింది, 1999లో 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజికి శ్రీకారం చుట్టారు. చెన్నై నుంచి నెల్లూరు, విజయవాడ మీదుగా కోల్‌కతా వెళ్లే రోడ్డు నాలుగు వరుసలైంది. వీటన్నిటికీ దండలు వేసేశాం. కానీ గోడౌన్లు ఎక్కడ కట్టాలో, లారీ ఎటు తిరగాలో ఈ దేశంలో నిర్ణయించింది రోడ్డు కాదు, పన్ను.

1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం సంగతి చూడండి. చెన్నై పక్క శ్రీపెరుంబుదూరులో సబ్బులు చేసే కంపెనీ నెల్లూరు డీలరుకు నేరుగా అమ్మితే ఆ పన్ను, అంటే సీఎస్టీ, కట్టాల్సి వచ్చేది. కొన్నవాడు సి-ఫారం అనే ధ్రువపత్రం ఇస్తే చివరి రోజుల్లో 2 శాతమే, కానీ దాన్ని తన పన్నులో తగ్గించుకునే క్రెడిట్ అతనికి రాదు. అదే సరుకును ఆంధ్రాలో తన సొంత డిపోకు ‘స్టాక్ ట్రాన్స్‌ఫర్’గా పంపి, అది అమ్మకం కాదని చూపే ఎఫ్-ఫారం నెలకొకటి తెచ్చుకుని, అక్కడి నుంచి స్థానిక వ్యాట్ మీద అమ్మితే సీఎస్టీ బాధే లేదు. అందుకని ప్రతి కంపెనీకీ ప్రతి రాష్ట్రంలోనూ ఒక రేకుల షెడ్డు, ఒక గుమస్తా, ఒక అకౌంటెంటు. తడకు అవతల చెన్నైలో సరుకు గుట్టలుగా పడి ఉన్నా సూళ్లూరుపేట దుకాణానికి అది విజయవాడ డిపో మీదుగా రావలసిందే. దానికి తోడు చెక్‌పోస్టులు. ఆంధ్రా వైపు భీమునివారిపాలెం, తమిళనాడు వైపు ఎలావూరు. ఇన్‌వాయిస్, ఎల్‌ఆర్ (లారీ రసీదు), ఫారాలు పట్టుకుని డ్రైవరు కౌంటరు నుంచి కౌంటరుకు తిరగాలి, మామూలు ఎటూ తప్పదు.

2017 జూలై 1న జీఎస్టీ రాగానే ఆ వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు రోజుల్లో మూతపడ్డాయి. అప్పటిదాకా వేసిన రోడ్లన్నీ కలిసి ఇవ్వలేని వేగాన్ని ఒక్క పన్ను మార్పు ఇచ్చింది. రాష్ట్రానికో షెడ్డు అక్కర్లేకపోయింది. చెన్నై దగ్గర రెడ్‌హిల్స్, పెరియపాళయం, ఒరగడం చుట్టూ లక్ష చదరపు అడుగులు దాటిన గోడౌన్లు లేచాయి. ఇందులో జీఎస్టీకి ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాల్సిందే.

అయితే సరిహద్దులో మిగిలిన గంటలు ఎటు పోయాయి? ఫ్యాక్టరీ గేటు మింగేసింది.

శ్రీపెరుంబుదూరు, ఒరగడం వాహన కంపెనీలు ‘జస్ట్ ఇన్ టైమ్’ అని గొప్పగా చెప్పుకుంటాయి. లోపల స్టోరులో నాలుగు గంటలకు సరిపడా విడిభాగాలే ఉంచుకోవచ్చు, చూడముచ్చటగానే ఉంటుంది. ఆ స్టోరు ఎక్కడికీ పోలేదు, గేటు బయట రోడ్డు పక్కన టైర్ల మీద నిలబడి ఉంది. కంపెనీకి అద్దె లేని గోడౌన్ అది, అద్దె కడుతున్నది లారీ యజమాని. బండి వచ్చిన వేళకు కాకుండా సెక్యూరిటీ టోకెన్ పిలిచిన వేళకు ఎంట్రీ వేస్తాడు. ఇన్‌వాయిస్ మీది పార్టు నంబరు పర్చేజ్ ఆర్డరుతో ఒక్క అక్షరం తేడా వస్తే పక్కకు తీయిస్తారు. లోపలికెళ్లాక సరుకు దింపే డాక్ ఖాళీ ఉండదు, ఉంటే షిఫ్టు మారే వేళ హమాలీలు ఉండరు, అదీ అయితే క్వాలిటీ శాంపిల్ పాస్ కావాలి. చివరికి ఎల్‌ఆర్ వెనక ముద్ర వేస్తారు, దాని మీద తేదీ ఉంటుంది. బండి ఎన్నింటికి వచ్చిందో ఎక్కడా ఉండదు.

దీని మీద ఈ-వే బిల్లు గడియారం ఒకటి. యాభై వేల రూపాయలు దాటిన సరుకు వెంట ఆన్‌లైన్‌లో తీసిన ఈ రవాణా పత్రం ఉండాలి, దానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. తడ నుంచి శ్రీపెరుంబుదూరుకు శుక్రవారం సాయంత్రం బిల్లు తీస్తే శనివారం అర్ధరాత్రి దాకా చెల్లుతుంది. బండి శనివారం పొద్దున్నే చేరినా టోకెన్ రాకపోతే ఆ రాత్రి గేటు బయటే గడువు తీరిపోతుంది. గడువుకు ఎనిమిది గంటల ముందు గానీ, తర్వాత ఎనిమిది గంటల్లోపు గానీ పొడిగించుకోవాలి. ఆ సంగతి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కుర్రాడికి గుర్తుంటే సరి, లేకపోతే తనిఖీలో దొరికిన బండికి పన్నుకు రెండింతల జరిమానా దాకా పోతుంది. ఆపినవాడు ఒకడు, దోషి ఇంకొకడు.

పోర్టు గేటుదీ ఇదే కథ, కాగితాలు మారతాయంతే. ఎగుమతి కంటైనర్‌కు ఖాళీ కంటైనర్ల యార్డులో ఈఐఆర్ (కంటైనర్ అప్పగింత రసీదు) తీసుకోవాలి, ఫ్యాక్టరీలో నింపి ఎలక్ట్రానిక్ సీలు వేయాలి, 2016 జూలై నుంచి కాటా తూకంతో వీజీఎం (నింపిన కంటైనర్ బరువు ధ్రువీకరణ) ఇవ్వాలి, పోర్టులోకి వెళ్లే అనుమతి పత్రం ఫారం-13 తీయాలి. బండి నంబరు, కంటైనర్ నంబరు, సీలు నంబరు మూడూ ఫారంతో కలవాలి. ఒక్క అంకె తప్పితే బండి పక్కకు. పైగా ఓడకు సరుకు చేర్చాల్సిన ఆఖరి గడువు, కటాఫ్, దగ్గరపడే వేళకే అందరి సరుకూ సిద్ధమవుతుంది, పగలు నగరంలో భారీ వాహనాలకు ఆంక్షలు, దాంతో బండ్లన్నీ ఒకేసారి గేటు మీద పడతాయి. కటాఫ్ తప్పితే కంటైనర్ తర్వాతి ఓడకు. పోర్టు నుంచి మదురవాయల్ దాకా వేసే ఎలివేటెడ్ కారిడార్ ఒక్కటే దీనికి మందని చెబుతారు. 2009లో ఒక ప్రధాని శంకుస్థాపన చేశారు, 2012లో పని ఆగింది, 2022లో ఇంకో ప్రధాని మళ్లీ శంకుస్థాపన చేశారు. అది పూర్తయితే మంచిదే, బండ్లు అదే గేటుకు ఇంకాస్త త్వరగా చేరతాయి.

ఆగిన గంట ఖరీదెంతో లెక్కవేద్దాం. ఒక పెద్ద లారీకి నెలకు వాయిదా, ఇన్సూరెన్సు, పర్మిట్, డ్రైవరు జీతం కలిపి తప్పని ఖర్చు 90,000 రూపాయలు అనుకోండి. నెలకు 9,000 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 10 రూపాయలు. రోజుకు 400 చొప్పున నడిచే బండికి గేట్ల దగ్గర ఏడెనిమిది రోజులు పోతే తిరుగుడు 6,000కు పడుతుంది, కిలోమీటరుకు 15 అవుతుంది. విజయవాడ ట్రిప్పు 450 కిలోమీటర్లు, అంటే 2,250 రూపాయలు గాలికి పోయినట్టే. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికే ఓవర్‌లోడూ, రాత్రంతా నిద్రమాని నడపడమూ.

ఇప్పుడు అసలు మాట. రైలు వ్యాగన్ను గడువులో దింపుకోకపోతే రైల్వే గంటల లెక్కన డెమరేజ్ అనే ఆలస్యపు రుసుం వేస్తుంది. ఓడను ఆపితే డెమరేజ్. ఖాళీ కంటైనర్‌ను ఫ్రీ డేస్ దాటి తిప్పి ఇవ్వకపోతే షిప్పింగ్ లైను డాలర్లలో డిటెన్షన్ గుంజుతుంది. లారీని ఆపితే? 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం తిరగేయండి. సరుకు పోతే, పాడైతే రవాణాదారు బాధ్యత ఉంది. బండి ఆలస్యమైతే కూడా పరిమితుల మేరకు రవాణాదారు బాధ్యతే. బండిని ఆపినవాడి బాధ్యత గురించి గంటకింత అన్న మాట లేదు. కాంట్రాక్టుల్లో 24 గంటలో 48 గంటలో దాటాక హాల్టింగ్ (ఆగినందుకు చార్జీ) అని ఒక లైను రాస్తారు. వచ్చిన వేళకు రుజువు లేనప్పుడు ఆ లైను ఎందుకు?

కంపెనీల వాదనా ఉంది. లారీలే చెప్పిన వేళకు రావు, పొద్దున్నే అన్నీ ఒక్కసారి వచ్చి పడితే డాకులు ఎక్కడ తేవాలి, స్లాట్ ఇచ్చినా పాటించరు అంటారు. ప్రపంచ బ్యాంకు లాజిస్టిక్స్ సూచీలో 2014లో 54గా ఉన్న మన స్థానం 2023లో 38కి చేరింది కదా అని ప్రభుత్వం గుర్తుచేస్తుంది. స్లాట్ల మాట నిజమే. అయితే స్లాట్ తప్పిన లారీకి కోత వేసే కంపెనీ, స్లాట్‌కు వచ్చిన లారీని ఆపినప్పుడు తనకు తాను కోత వేసుకున్న దాఖలా చూపించమనండి.

డ్రైవర్లు దొరకడం లేదని గొల్లుమంటున్న పరిశ్రమ వెతుక్కోవాల్సిన జవాబు కూడా ఇక్కడే ఉంది. మాధవరం, రెడ్‌హిల్స్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో నెల్లూరు, ప్రకాశం యాస ఇప్పటికీ వినిపిస్తుంది, కానీ ఆ గొంతులు యాభై దాటినవి. వాళ్ల కొడుకులు అదే ఊళ్లో బైకు మీద పార్సిళ్లు ఇస్తారు తప్ప స్టీరింగ్ పట్టరు. ఏసీ క్యాబిన్లు తప్పనిసరి చేశాం కదా అంటున్నారు. 2025 అక్టోబరు నుంచి తయారైన బండ్లకు అది వర్తిస్తుంది, సంతోషం. గేటు బయట ఇంజను ఆపి కూర్చున్నవాడికి ఆ ఏసీ ఏం పనికొస్తుంది? రోజుకు ఎనిమిది గంటలే పని అన్న మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961లోనే వచ్చింది. అది అయిదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించింది. మన లారీల్లో ఎక్కువ భాగం ఒకటో రెండో బండ్లున్న యజమానులవి. అంటే చట్టం పుట్టిన రోజునే ఎక్కువమంది డ్రైవర్లు దాని బయట నిలబడ్డారు. డ్రైవరు నిరీక్షణను పనిగా లెక్కవేయని దేశంలో ఆ పనికి మనుషులు రావాలని ఎందుకు అనుకోవాలి?

చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. ఈ-వే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బి పక్కన రెండు గడులు చేర్చండి: బండి గేటుకు చేరిన వేళ, ఖాళీ అయి బయటపడిన వేళ. మొదటిది డ్రైవరు ఫోన్లో నొక్కాలి, జీపీఎస్ దాన్ని సరిచూడాలి, రెండోది సరుకు అందుకున్నవాడు నొక్కాలి. నొక్కేదాకా ఈ-వే బిల్లు గడువు కూడా తీరకూడదు. ఆరు గంటలు ఉచితం, ఆ తర్వాత గంటకింత అని క్యారేజ్ బై రోడ్ నిబంధనల్లోనే రేటు రాయాలి. ఇద్దరూ మాట్లాడుకుని కాంట్రాక్టులో పెట్టుకోమంటే కుదరదు. హాల్టింగ్ అడిగిన ఒంటి లారీ యజమానికి మర్నాడు ఆ గేటులో లోడు ఉండదు.